మెడలో నక్కిన కణితికి బహిరంగ లేఖ

పారాథైరాయిడ్ కణితీ,

నీకు మర్యాదలేమీ పెట్టి రాయలేను. మా అక్క ఎముకలను ఏళ్ళ తరబడి గుల్ల చేసినదానివి నువ్వు. డాక్టర్లు నీ గురించి వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటారు. నువ్వు పట్టి పీడిస్తున్నవాళ్ళలో చాలామందికి మాత్రం నీ పేరైనా తెలియదు. తెలియకపోబట్టే నీ ఆటలు సాగుతున్నాయి. అందుకే ఈ ఉత్తరం నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నీ పుట్టింటి మీద నాకు కోపం లేదు, ఆ మాట ముందే చెప్పాలి. మెడ ముందుభాగంలో ఉండే థైరాయిడ్ గ్రంథికి వెనక, అటు రెండు ఇటు రెండు, మామూలుగా నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. ఒక్కొక్కటి ఐదారు మిల్లీమీటర్ల పొడవు, 30 నుంచి 50 మిల్లీగ్రాముల బరువు. నాలుగూ కలిపి తూచినా గ్రాములో ఐదో వంతు దాటవు. థైరాయిడ్ పక్కన కాపురమే గానీ దాని పనితో వీటికి సంబంధం లేదు. రక్తంలో కాల్షియం ఎంత ఉండాలో చూసుకోవడమే వీటి ఉద్యోగం. డెసీలీటరుకు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర మిల్లీగ్రాముల మధ్య అది నిలవాలి. ఆ మేర కాల్షియం ఉంటేనే గుండె లయ తప్పదు, నరాలు కబుర్లు మోస్తాయి, బిగిసిన కండరం మళ్ళీ సడలుతుంది.

ఊళ్ళో చెరువు తూము దగ్గర నీరటి ఉండేవాడు. ఆయకట్టుకు ఎంత కావాలో అంతే వదిలి, చాలనగానే తూము మూసేవాడు. ఈ గ్రంథులు చేసేదీ అదే. ఒంట్లోని కాల్షియంలో నూటికి 99 వంతులు ఎముకల్లోనే నిల్వ ఉంటుంది. రక్తంలో తగ్గితే ఇవి హార్మోన్ వదులుతాయి. ఎముకలు కొంత ఇస్తాయి, మూత్రంలో పోయేదాన్ని కిడ్నీలు పట్టి ఉంచుతాయి, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారి తిండిలోని కాల్షియాన్ని పేగులు ఎక్కువగా పీల్చుకునేలా చేస్తుంది. సరిపోగానే హార్మోన్ ఆగిపోతుంది. ఆ నాలుగింటిలో ఒకటి లెక్క మరిచి పెరిగిపోయి, తూము మూయడం మానేస్తే అది నువ్వు. నూటికి ఎనభైకి పైగా రోగుల్లో దోషి ఒకే ఒక్క గ్రంథి. నువ్వు క్యాన్సర్‌వి కూడా కాదు, క్యాన్సర్ అయ్యేది నూటికి ఒక్కరిలో కూడా ఉండదు. ఆ మాట విని నిన్ను తేలిగ్గా తీసుకున్నవాళ్ళున్నారు. నేను తీసుకోను.

మా అక్క స్కూల్లో లెక్కలు చెప్పేది. నువ్వు ఎప్పుడు మొదలుపెట్టావో ఎవరూ చెప్పలేరు. మాకు తెలిసిన తొలి గుర్తు కిడ్నీలో రాయి. వీపు కింద నుంచి గజ్జల్లోకి పొడుచుకొచ్చిన నొప్పితో రాత్రంతా గోడ పట్టుకుని నడిచింది. స్కానింగ్ తీశారు, రాయిని పగలగొట్టారు, నీళ్ళు బాగా తాగమన్నారు, పాలకూర, టమాటా మానేయమన్నారు. పక్కింటి పిన్ని కొండపిండాకు తెచ్చి పప్పులో వేసి పెట్టింది, అరటి బోదె రసం పట్టించింది. రాయి పోయింది. రెండేళ్ళు తిరక్కుండా ఇంకొకటి వచ్చింది. అప్పుడూ రాయి గురించే మాట్లాడారు గానీ రాళ్ళు ఎందుకు పుడుతున్నాయని ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత నీరసం. బోర్డు మీద లెక్క సగంలో ఆగిపోయేది, తర్వాతి మెట్టు గుర్తుకొచ్చేది కాదు. మలబద్ధకం, ఆకలి మందగించడం, రాత్రి నాలుగుసార్లు బాత్రూముకు లేవడం, ఎంత తాగినా ఆరని దాహం. షుగరేమో అని పరీక్ష చేయించారు, లేదన్నారు. చిన్న మాటకు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. బహిష్టులు ఆగే వయసు, అన్నీ అందువల్లే అన్నారు. థైరాయిడ్ పరీక్ష బాగానే ఉందనడంతో మెడ సంగతి అక్కడితో ముగిసిపోయింది. నువ్వు సరిగ్గా ఆ థైరాయిడ్ వెనకే ఉన్నావు. కాళ్ళ ఎముకల నొప్పులకు అరుగుదల అని పేరు పెట్టి కాల్షియం బిళ్ళలు రాశారు. రక్తంలో కాల్షియం ఎంత ఉందో చూడకుండానే రాశారు.

చివరికి పెరట్లో తులసికోట దగ్గర కాలు జారి, చెయ్యి ఆనించినందుకే ముంజేతి ఎముక విరిగింది. ఆ విరిగిన చోటు కూడా నీ గుర్తే. నువ్వు ముందుగా తినేది ఎముక పైపొరను, అది మందంగా ఉండే ముంజేతిని. ఎముకల సాంద్రత పరీక్షలో మామూలుగా నడుము, తుంటి మాత్రమే చూస్తారు. నీ మీద అనుమానం ఉంటే ముంజేతిని కూడా చూడాలి. అది అడిగి చేయించుకోవాల్సిన పరీక్ష.

కట్టు కట్టించుకోవడానికి వెళ్ళిన చోట ఒక కుర్ర డాక్టరు గారు ఎక్స్‌రే చూస్తూ, “అమ్మా, ఇంతకు ముందు కిడ్నీలో రాళ్ళు గానీ వచ్చాయా?” అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నీ గుట్టు రట్టయింది. పాత కాగితాలన్నీ తెమ్మన్నారు. బావ ఫైలు మోసుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అడుగున, మొదటి రాయి నాటి రక్తపరీక్షల కాగితం ఉంది. సీరం కాల్షియం 11.4. అంకె పక్కన, హద్దు దాటిందని గుర్తుగా, అచ్చులో చిన్న నక్షత్రం. పై వరుసలోని క్రియాటినిన్ చుట్టూ ఎవరో నీలం పెన్నుతో సున్నా చుట్టి నార్మల్ అని రాశారు. నక్షత్రం ఉన్న వరుస మీద పెన్ను పడలేదు. అన్నాళ్ళూ నువ్వు ఆ కాగితంలో అందరి కళ్ళ ముందూ ఉన్నావు. ఆ కాగితం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నీ చరిత్ర తిరగేస్తే దాక్కోవడం నీకు మొదటినుంచీ ఉన్న గుణమేనని తెలిసింది. లండన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక భారతీయ ఖడ్గమృగాన్ని రిచర్డ్ ఓవెన్ అనే శాస్త్రవేత్త కోసి చూసినప్పుడు, థైరాయిడ్‌కు అంటుకున్న చిన్న పసుపురంగు గ్రంథిని గమనించి రాసిపెట్టాడు. అది 1850 ప్రాంతం. మనుషుల్లో ఇవి ఉన్నాయని తేల్చినవాడు స్వీడన్‌లోని ఉప్సాలాలో వైద్యం చదువుతున్న ఇవార్ శాండ్‌స్ట్రోమ్. ముందు కుక్కలో చూసి, తర్వాత మనుషుల శవాలను ఒక్కొక్కటే పరిశీలించి 1880లో వ్యాసం అచ్చువేశాడు. ఆనాడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. తన పని విలువ లోకం గుర్తించకముందే, నలభై ఏళ్ళైనా నిండకుండా పోయాడు. మనిషి శరీరంలో పెద్ద అవయవాలన్నిటి లెక్కా పూర్తయిన చాలాకాలానికి గానీ మీ గ్రంథులు బయటపడలేదు.

బయటపడ్డాక కూడా నిన్ను అపార్థం చేసుకున్నారు. ఎముకలు గుల్లబారిన మనుషుల మెడల్లో ఉబ్బిన గ్రంథి కనబడితే, పాపం ఎముకలను కాపాడటానికే అది పెరిగిందని అనుకున్నారు. 1925లో వియన్నాలో ఆల్బర్ట్ యానె అనే ట్రామ్ ఉద్యోగి ఎముకలు విరిగి, నడవలేక, ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్ దగ్గరకు వచ్చాడు. మాండ్ల్ కూడా మొదట ఆ నమ్మకంతోనే, ప్రమాదంలో చనిపోయిన మనిషి గ్రంథులు తెచ్చి అతని ఒంట్లో అమర్చాడు. గుణం కనబడలేదు. అప్పుడు ధైర్యం చేసి మెడ కోసి నిన్ను తీసేశాడు. మూత్రంలో పోతున్న కాల్షియం తగ్గింది, నొప్పులు తగ్గాయి, మనిషి లేచి నడిచాడు. నీ మీద పడిన మొదటి కత్తి అది. కొన్నేళ్ళకు నువ్వు అతనిలో మళ్ళీ తలెత్తావు.

అమెరికాలో చార్లెస్ మార్టెల్ అనే ఓడ కెప్టెన్‌ను నువ్వు పెట్టిన బాధ చదువుతుంటే అక్క చెయ్యే కళ్ళ ముందు మెదిలింది. ఆరడుగుల పైబడ్డ మనిషి వెన్నెముక కుంగి అర అడుగుకు పైగా పొట్టివాడయ్యాడు. నీ కోసం ఆరుసార్లు ఆపరేషన్ చేశారు, నువ్వు చిక్కలేదు. ఆయన తానే శరీర నిర్మాణ శాస్త్రం పుస్తకాలు చదివి, ఛాతీలో చూడమని పట్టుబట్టాడని చెబుతారు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్లో 1932లో ఏడో ఆపరేషన్‌లో, మెడలో కాదు, రొమ్ముటెముక వెనక ఛాతీలో దొరికావు. గర్భంలో పిండం ఎదిగేటప్పుడు ఈ గ్రంథులు పైనుంచి కిందికి ప్రయాణం చేస్తాయి, దారి తప్పితే ఛాతీలో ఆగిపోతాయి. నిన్ను తీసిన కొన్ని వారాలకే, మిగిలిన కిడ్నీ రాయి కోసం చేసిన ఆపరేషన్ తర్వాత ఆయన చనిపోయాడు. నిన్ను పట్టుకోవడం ఎంత ముఖ్యమో, సకాలంలో పట్టుకోవడం అంతకన్నా ముఖ్యం.

ఆ కాలంలోనే, అదే బోస్టన్‌లో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేస్తున్నారు. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో నీలం రంగు చిక్కదనాన్ని బట్టి కొలిచే పద్ధతిని 1925లో వాళ్ళిద్దరూ ప్రచురించారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా అది దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో నడిచింది. నువ్వు కాల్షియాన్ని పెంచుతూ ఫాస్ఫరస్‌ను మూత్రంలోకి తోసేస్తావు. అందుకే ఒకటి ఎక్కువగా, ఇంకొకటి తక్కువగా కనబడితే డాక్టరుకు నీ వాసన తగులుతుంది. నిన్ను కొలిచి పట్టుకునే పరికరాల్లో ఒక తెలుగువాడి చెయ్యి కూడా ఉందని నీకు చెప్పడం నాకు తృప్తిగా ఉంది.

ఇప్పుడు నీ హార్మోన్‌నే నేరుగా కొలవగలం. ల్యాబుల్లో దాన్ని పీటీహెచ్ అంటారు. ఇక్కడ కూడా నీకు ఒక చాటు మిగిలింది. చాలా ల్యాబుల్లో మిల్లీలీటరుకు 15 నుంచి 65 పికోగ్రాముల వరకు నార్మల్ అని ముద్రిస్తారు. కాల్షియం 11 దాటిన మనిషికి పీటీహెచ్ 58 వస్తే కాగితం నార్మల్ అంటుంది, మనిషి ఇంటికి వెళ్ళిపోతాడు. అది నార్మల్ కాదు. కాల్షియం అంత పెరిగాక బాగున్న గ్రంథులు హార్మోన్‌ను దాదాపు ఆపేయాలి. ఆపలేదంటే ఎక్కడో నువ్వు ఉన్నావు. రెండు అంకెలూ ఒకే రోజు తీసిన రక్తంలోవై ఉండాలి, రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. జుట్టు ఊడుతోందని బయోటిన్ బిళ్ళలు మింగేవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి, కొన్ని యంత్రాల్లో అది పీటీహెచ్‌ను తక్కువ చేసి చూపిస్తుంది. విటమిన్ డి బాగా తక్కువున్నవాళ్ళలో కాల్షియం మరీ పెరగకుండా హద్దులోనే ఆగి నిన్ను కప్పిపెడుతుంది. ఎండ ఇంత కాసే మన దేశంలో విటమిన్ డి లోపం ఇంటింటా ఉంది. పాశ్చాత్య దేశాల్లో మామూలు రక్తపరీక్షల్లోనే కాల్షియం చూస్తారు కాబట్టి లక్షణాలు ముదరకముందే నిన్ను పసిగడుతున్నారు. మన దగ్గర ఎముక విరిగాకో, రాళ్ళు నిండాకో, దవడలో గడ్డ లేచాకో దొరుకుతున్నావు. ఆ దవడ గడ్డను ఎముక క్యాన్సర్ అనుకుని కుటుంబాలు కుమిలిపోతాయి. నిన్ను తీసేస్తే చాలామందిలో అదే పూడిపోతుంది.

నిన్ను తిట్టేటప్పుడు నీ తోబుట్టువులందరినీ ఒక గాటన కట్టడం న్యాయం కాదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, పలాస వైపు ఊళ్ళలో కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద బతుకుతున్నవాళ్ళ మెడల్లో నాలుగు గ్రంథులూ ఉబ్బుతాయి. అక్కడ తప్పు వాటిది కాదు. కిడ్నీ ఫాస్ఫరస్‌ను బయటకు పంపలేదు, విటమిన్ డిని చురుకు చేయలేదు. కాల్షియం పడిపోతుంటే గ్రంథులు పగలూ రాత్రీ హార్మోన్ పోసి నిలబెట్టడానికి పెనుగులాడతాయి. ఆ పెనుగులాటకు మూల్యం చెల్లించేవి ఎముకలే. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు పోయినవాళ్ళ కథలో కూడా ఈ గ్రంథులకు పాత్ర ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లోనే అలాంటి బాధితుల్లో ఈ హార్మోన్‌ను పరిశీలించారు. ఉద్దానం మనిషికి ఒంటి దురద, ఎముకల నొప్పి ఎందుకొస్తున్నాయో చెప్పేవాళ్ళు, ఫాస్ఫరస్, పీటీహెచ్ పరీక్షలు క్రమం తప్పకుండా చేసేవాళ్ళు కావాలి. డయాలసిస్ కుర్చీ ఒక్కటీ ఇస్తే సరిపోదు.

అక్క సంగతికి వస్తాను. నిన్ను వెతకడానికి చేతి నరంలోకి ఐసోటోపు మందు ఎక్కించి మెడకు బొమ్మలు తీశారు. మొదటి బొమ్మలో థైరాయిడ్ అంతా వెలుగుతోంది. రెండు గంటల తర్వాత తీసిన బొమ్మలో థైరాయిడ్ మసకబారింది. ఎడమవైపు కింద ఒక్క చుక్క మాత్రం అలాగే నిలిచింది. బావ ఆ చుక్క మీద వేలు పెట్టి, చాలాసేపు తీయలేదు.

ఆపరేషన్‌కు పెద్ద కోత కూడా అవసరం కాలేదు. నిన్ను తీశాక సర్జన్ గారు వెంటనే కుట్లు వేయలేదు, రక్తం తీసి పంపించి పది నిమిషాల ఫలితం కోసం ఆగారు. నీ హార్మోన్ రక్తంలో నాలుగైదు నిమిషాలకే సగానికి పడిపోతుంది. పది నిమిషాల్లో సగానికి పైగా తగ్గితే దోషి దొరికినట్టే. తగ్గింది. బయటకు తెచ్చి చూపించినప్పుడు స్టీలు గిన్నెలో నువ్వు పసుపూ గోధుమా కలిసిన రంగులో, తడిగా, రెండు సెంటీమీటర్లు ఉన్నావు. పక్కన నర్సు తూచి గ్రామున్నర అంది. ఆ గ్రామున్నర మాంసం కోసం మా అక్క ఎన్ని ఆస్పత్రుల మెట్లు ఎక్కిందో నీకు తెలియదు.

పోతూ పోతూ కూడా నువ్వు ఊరుకోలేదు. రెండో రోజు తెల్లవారుజామున అక్క పెదాల చుట్టూ తిమ్మిరన్నది. కాసేపటికి వేళ్ళు కొంకర్లు పోయాయి, బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి విప్పితే విప్పుకోలేదు. ఇన్నేళ్ళు నువ్వు దోచిన ఎముకలు ఒక్కసారిగా రక్తంలోని కాల్షియాన్ని లాక్కోవడం మొదలుపెట్టాయి. డ్యూటీ నర్సు చూడగానే గుర్తుపట్టి, డాక్టరు గారిని పిలిచి, కాల్షియం ఇంజెక్షన్‌ను గుండె కొట్టుకోవడం గమనిస్తూ మెల్లగా ఎక్కించింది. వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఎముకలు బాగా చెడినవాళ్ళకు ఈ గండం వారాలపాటు ఉంటుందని, బిళ్ళలు మానొద్దని చెప్పి పంపారు. థైరాయిడ్ ఆపరేషన్లలో పొరపాటున ఈ గ్రంథులు దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఈ కొంకర్లు జన్మంతా తోడుంటాయి. కాబట్టి అలాంటి ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు పెదాల తిమ్మిరిని నరాల బలహీనత అని సరిపెట్టుకోకూడదు. ఆ రోజే కాల్షియం చూపించుకోవాలి.

అక్క ఇప్పుడు రాత్రంతా నిద్రపోతోంది. మళ్ళీ లెక్కలు చెబుతోంది. ముంజేయి మాత్రం పూర్తిగా పూర్వపు బలానికి రాలేదు, ఎక్కువ బరువు ఎత్తలేదు. ఎముక సాంద్రత ఏటేటా కొంచెం పెరుగుతోంది. నువ్వు నాశనం చేసినదంతా తిరిగి రాదు, ఆ నష్టం నీ ఖాతాలోనే ఉంటుంది.

యాభై దాటిన ఆడవాళ్ళను నువ్వు ఎక్కువగా ఎంచుకుంటావు. మగవాళ్ళలో ఒకరుంటే ఆడవాళ్ళు ముగ్గురుంటారు. ఆ వయసు ఆడవాళ్ళ నొప్పిని, నీరసాన్ని, దిగులును ఇంట్లోవాళ్ళు తేలిగ్గా తీసుకుంటారని, డాక్టరు దగ్గర కూడా వాళ్ళు సగం బాధే చెబుతారని నీకు బాగా కలిసొచ్చింది. నీకు ఇన్నాళ్ళూ నీడనిచ్చింది ఆ నిర్లక్ష్యమే.

ఇక ఈ ఉత్తరం చదువుతున్నవాళ్ళతో నా మాట. మీ ఇంట్లో ఎవరికైనా కిడ్నీలో రాయి రెండోసారి వచ్చినా, చిన్న పాటుకే ఎముక విరిగినా, కాల్షియం బిళ్ళలు మొదలుపెట్టబోతున్నా, ముందు సీరం కాల్షియం పరీక్ష రాయమని డాక్టరు గారిని అడగండి. ఎక్కువగా వస్తే మళ్ళీ ఒకసారి చూపించి, అదే రక్తంలో పీటీహెచ్, విటమిన్ డి కూడా చేయించండి. పాత రిపోర్టులు ఉంటే ఈరోజే తీసి కాల్షియం ఉన్న వరుస వెతకండి. ఆ అంకె పక్కన నక్షత్రం కనబడితే ఆ కాగితం తీసుకుని హార్మోన్ల డాక్టరు దగ్గరకు వెళ్ళండి.